అంబాసిడర్ టాపు విప్పిన రోజులు

ఆ కట్టె కాస్త ఎగదోయరా అబ్బాయ్. నీ కారు టాపు గుడ్డ జారి నెత్తికి తగులుతోందనీ, లాగి పారేస్తాననీ అంటున్నావు. ఆగు. బెజవాడ ఆటోనగర్లో కుషన్ షాపులో నేను పని నేర్చుకునేటప్పుడు, టాపుని లాగేవాడంటే మా మేస్త్రికి ఒళ్లు మండేది. విప్పాలిరా, లాగకూడదు అనేవాడు.

అప్పుడొచ్చేవన్నీ అంబాసిడర్లు, ఫియట్లే. ఫియట్ బొంబాయి కుర్లాది. అంబాసిడర్ బెంగాల్లో ఉత్తరపారాది, 2014లో ఆపేశారు. దాని టాపులో అట్ట ఉండేది కాదు. గుడ్డకి పైవైపు, లంగాకి బొందు దూర్చే పట్టీ కుట్టినట్టు, అడ్డంగా వరసలు కుట్టి వాటిలో ఉక్కు కమ్మీలు దూర్చేవాళ్లు. కమ్మీ కొనలు తలుపుల పైన బెజ్జాల్లో కూర్చునేవి. గుడ్డ అంచుల్ని సొల్యూషన్ రాసి బీడింగు కిందా, అద్దాల రబ్బరు కిందా దోపేవాళ్లు.

ముందు బ్యాటరీ వైరు తీసేవాళ్లం. తర్వాత లోపలి లైటు, ఎండ రేకులు, అద్దం. సీట్లు బయట పెట్టి, గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకునేవాళ్లం. అంచులన్నీ వదిలాక వెనక కమ్మీతో మొదలు. బొటనవేలితో నెట్టి కొన వంచితే టిక్కుమని బెజ్జంలోంచి ఊడేది. ఆ వెంటనే తుప్పు, ఎండిన సొల్యూషన్ పొడి మొహం నిండా. నోరు తెరిచామా, సాయంత్రం దాకా తుప్పు రుచే. మే నెలలో ఆ రేకు కింద పని సంగతి చెప్పక్కర్లేదు.

కమ్మీలన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ దేని వంపు దానిది, దేని పొడవు దానిది. తారుమారైతే కొత్త గుడ్డ ఒకచోట బిగిసి ఇంకోచోట జారుతుంది. అందుకే తీసిన కమ్మీకి తీసినట్టే చాక్‌పీసుతో అంకె. పాత గుడ్డనీ పారేసేవాళ్లం కాదు, కుట్లు విప్పి దాన్నే కొలతకి పరిచేవాళ్లం. ఓనరు పెళ్లి కారంటూ గుమ్మంలో నిలబడి తొందరపెట్టినా మేస్త్రి వినేవాడు కాదు.

ఇప్పుడా కమ్మీల గొడవ లేదు. నీ కారులో ఉన్నది అచ్చుపోసిన అట్ట, దాని మీద సన్న ఫోము, ఆపైన గుడ్డ. పాడైంది గుడ్డ కాదు, మధ్యలో ఫోము. ఏళ్ల తరబడి ఎండకీ ఉక్కకీ అది పొడైపోతుంది. పొడికి ఏ జిగురు అంటుకుంటుంది? పిన్నులు గుచ్చినా నాలుగు రోజుల ముచ్చటే. అట్ట మొత్తం దించి, ఆ పొడంతా బ్రష్షుతో రాల్చి, వేడికి ఆగే జిగురుతో ఫోమున్న కొత్త గుడ్డ వేయించాలి. దించేటప్పుడు ఇద్దరుండాలి. అట్ట ఒక్కసారి మడత పడిందా, ఆ గీత ఇక పోదు.

ఇంకోటి. నీ కారుకి కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్నాయి కదా, అవి ఆ అట్ట అంచుల వెనకే మడిచి ఉంటాయి. తలుపుల మధ్య ప్లాస్టిక్కు పీకి వాటి జోలికి మాత్రం వెళ్లకు. రేపు పొద్దున్నే ఆటోనగర్ తీసుకెళ్లు. పని ఎక్కడ మొదలుపెడతావని అడుగు. బ్యాటరీ దగ్గర అన్న మేస్త్రికే తాళాలివ్వు.