పంచనామాలో 'తన' ఎవరిది? నారాయణఖేడ్ నేపథ్యంలో కార్యాలయ తెలుగు సర్వనామాలు

1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని విభజించినప్పుడు బీదరు జిల్లా నుండి మెదక్ జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్న నారాయణఖేడ్ ప్రాంతంలో తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ నిత్యవ్యవహారంలో ఉన్నందున, ఒక భాషలో చెప్పిన మాట మరొక భాషలో కాగితానికెక్కే సందర్భాలు అక్కడి కచేరీలకు సహజమైనవి. ఇటువంటి రాతను మెరుగుపరచడమంటే కొత్త పదాలు చేర్చడమేనని భావించడం సరికాదు. 1884లో పారసీ స్థానంలో ఉర్దూ పాలనాభాష కావడంతో మరింతగా పాతుకొన్న అర్జీ, పహాణీ, పంచనామా, రసీదు, తకరారు వంటి మాటలు రైతుకు ఇంటిమాటలే కాగా, వాటిని తొలగించి సంస్కృత సమాసాలను నింపితే రాత బరువెక్కుతుందే తప్ప స్పష్టత పెరగదు. అసలు చిక్కు సర్వనామంలో, అనగా నామానికి బదులుగా వాడే మాటలో ఉంది.

'రైతు తన తమ్ముడు తన పొలం దున్నాడని చెప్పాడు' అనే వాక్యంలో మొదటి 'తన' రైతుకే చెందుతుంది గాని, రెండవది అన్నను సూచిస్తుందో తమ్ముణ్ణి సూచిస్తుందో వ్యాకరణం తేల్చదు, తగాదా మాత్రం ఆ పొలం గురించే. 'సదరు వ్యక్తి' అని రాసినా చిక్కు తీరదు. 'పైన చెప్పిన' అనే అర్థంగల ఈ మాట ఒక్కరే ప్రస్తావనకు వచ్చినచోట చక్కగా పనిచేస్తుంది గాని, పైన ఇద్దరున్నప్పుడు ఎవరినీ పట్టి చూపదు. అటువంటిచోట 'అర్జీదారు పొలం' అని నామాన్నే మళ్లీ రాయాలి. పునరుక్తి దోషమన్న బడినాటి నియమం భూమి కాగితాలకు వర్తించదు.

'మేము', 'మనము' అనే భేదం, అనగా వినేవారిని మినహాయించడం, కలుపుకోవడం, మరాఠీలో 'ఆమ్హీ', 'ఆపణ్' రూపాల్లో ఉన్నా, నేటి కన్నడంలోని 'నావు', ఉర్దూలోని 'హమ్' రెండింటికీ ఒక్కటే. అందువల్ల కన్నడం, ఉర్దూ ఇంట మాట్లాడేవారు తహసీల్దారుకు రాసే అర్జీలో 'మా ఊరికి' అనవలసినచోట 'మన ఊరికి' అంటే దాన్ని అజ్ఞానంగా కాక మాతృభాషా ప్రభావంగా గుర్తించడం న్యాయం.

చిన్నయసూరి 'బాలవ్యాకరణం' పురుషవాచకాలను మహత్తులని, స్త్రీవాచకాలను మహతులని, తక్కినవాటిని అమహత్తులని విభజించింది. స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తు క్రియనే తీసుకొంటుంది కనుక 'ఆమె చెప్పింది' వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. అయితే ఒకే పంచనామాలో భూస్వామి 'చెప్పారు', కూలిపని చేసే స్త్రీ 'చెప్పింది' అని రాయడం వ్యాకరణం కాదు, అంతస్తును కాగితానికెక్కించడం. అందరికీ గౌరవ బహువచనమే వాడదలిస్తే, 'వారు సంతకం చేశారు' అన్నచోట సంతకం ఒకరిదో పలువురిదో తెలిసేలా పేర్లు చేర్చవలసి ఉంటుంది.

పంచనామా చివర 'చదివి వినిపించగా ఒప్పుకొని' అని రాసే ఆనవాయితీ ఉంది. ఆ చదవడం నిజంగా, చెప్పినవారి భాషలోనే జరిగి, ప్రతి 'తన' దగ్గరా ఆగి 'ఎవరిది?' అని అడిగితే, వేలిముద్ర పడకముందే అక్కడ పేరు రాయడానికి వీలుంటుంది.