సేరు అంటే ఎంత? అమ్మమ్మ పుస్తకంలో దాక్కున్న లెక్క

ఈ ఎపిసోడ్ ఒక ఫెయిల్ అయిన స్వీట్‌తో మొదలుపెడదాం.

మా అమ్మమ్మ పోయాక ఆవిడ వంటల పుస్తకం నా చేతికొచ్చింది. సున్నుండల దగ్గర ఇలా రాసుంది: "మానికెడు మినప్పప్పు, మూడు సేర్ల బెల్లం". ఫోన్‌లో వెతికితే సేరు అంటే 933 గ్రాములని వచ్చింది. అంటే మూడు సేర్లకి 2.8 కిలోలు! నమ్మి చేశాను. ఉండ కట్టలేదు సరికదా, నోట్లో పెట్టుకోలేకపోయాం. ఇంట్లో అందరూ నవ్వారు కానీ నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆవిడ రుచి ఇక ఆవిడతోనే పోయిందా అనిపించింది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

కృష్ణా డెల్టాలో పాతరోజుల్లో రెండు లెక్కలు పక్కపక్కనే నడిచేవి. ఒకటి కొలత, ఇంకోటి తూకం. ధాన్యం, బియ్యం, పప్పులు కొలిచేవాళ్లు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. బెల్లం, చింతపండు, మిరపకాయలు లాంటివి తూచేవాళ్లు. అయిదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. అందుకే మన పెద్దవాళ్ల నోట "సోలెడు బియ్యం, వీశెడు బెల్లం" అని వస్తుంది.

మరి ధాన్యాన్ని ఎందుకు తూచలేదు? కళ్లంలో అంత పెద్ద కాటా ఎక్కడుంటుంది చెప్పండి? కుంచం ఉంటే చాలు, పని అయిపోతుంది. మొదటి కుంచాన్ని "ఒకటి" అనకుండా "లాభం" అని లెక్క మొదలుపెట్టేవాళ్లు. కానీ ఇందులో ఒక చిక్కుంది. కుంచం మీద గోపురంలా పోస్తే ఒక లెక్క, అంచుకి సమంగా గీస్తే ఇంకో లెక్క. కూలి గింజలు తీసుకునే మనిషికి ఆ తేడా అంటే ఒక పూట అన్నం.

ఇప్పుడు సేరు సంగతికొద్దాం. ఉత్తరాది సేరు 80 తులాలు, అదే 933 గ్రాములు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన వైపు తూకం సేరు 24 తులాలే. అంటే దాదాపు 280 గ్రాములు. వీశె 120 తులాలు, సుమారు 1.4 కిలోలు. పేరు ఒకటే, బరువు మూడు రెట్లకు పైగా తేడా! ఈ గందరగోళం పోగొట్టడానికే 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి విడతలుగా కిలోలు, గ్రాములు బజార్లోకి వచ్చాయి.

బెల్లం లెక్క తేలింది. మరి మానిక? అటక మీద మా ఇంటి ఇత్తడి మానిక దొరికింది. దాన్ని కాటా మీద పెట్టి, గిన్నె బరువు తీసేసి, నీళ్లతో నింపాను. 960 గ్రాములు తూగింది. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము కాబట్టి అది 960 మిల్లీలీటర్ల మానిక. అందులో మినప్పప్పు పోస్తే 800 గ్రాముల దాకా వచ్చింది. బెల్లం మూడు సేర్లు, అంటే 840 గ్రాములు. పప్పు, బెల్లం దాదాపు సమానం. ఈసారి ఉండ నిలబడింది!

కేక్ చేసేవాళ్లకీ ఇదే సూత్రం. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. అందులో పంచదార 200 గ్రాములు పడుతుంది, మైదా మాత్రం 125 గ్రాములే. అదే మైదాని అదిమి నింపితే 150 దాటుతుంది, కేక్ గట్టిపడుతుంది. బోస్టన్‌లో ఫానీ ఫార్మర్ 1896లో తన వంటల పుస్తకంలో కప్పుని అంచుకి సమంగా గీయమని పట్టుబట్టింది ఇందుకే. మన కళ్లంలో కుంచం తగువు కూడా ఇదే కదా!

మీ ఇంట్లో సోల, తవ్వ, మానిక ఉంటే పాత సామాన్లవాడికి వేసేయకండి. ముందు నీళ్లు పోసి తూచండి, ఆ అంకె వంటల పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టండి. మీ అమ్మమ్మ, నాయనమ్మ ఇంకా ఉంటే "నీ సేరు ఎంత?" అని ఈరోజే అడగండి. ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం!