యుద్ధకాలమున బుర్రకథ

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణపు రేవుపై బాంబులు వేసినవి. ఆనాడే కాకినాడపైనను బాంబులు పడినవి. రేవు తెరువబడి అప్పటికి తొమ్మిదేండ్లు నిండలేదు. సింధియా వారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసి ఇంకను ఏడాది నిండలేదు. కంచరపాలెము వంటి చేరువ పల్లెలకు యుద్ధమంతవరకు పత్రికలలోని వార్త మాత్రమే. ఆ దినముతో అది నడినెత్తిపైకి వచ్చిన భయమైనది. పట్టణవాసులనేకులు మూటాముల్లె సర్దుకొని లోపలి గ్రామములకు తరలిపోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరునకు మార్పబడెను. అంతకు ముందు నెలలోనే రంగూను పతనమగుటచే, కూలికై బర్మా పోయిన ఉత్తరాంధ్ర జనము కట్టుబట్టలతో స్వస్థలములకు మరలి వచ్చుచుండిరి.

ఇట్టి కాలమున నిజము కంటె వదంతి వడిగా నడచును. చదువు వచ్చినవారు పల్లెలలో అరుదుగా నుండిన దినములవి. పత్రిక చేరని గడపకు వార్తను, వార్తతోపాటు ధైర్యమును చేర్చిన సాధనములలో బుర్రకథ యొకటి. జంగములు చెప్పుకొను ప్రాచీన కథాగానమునకు ఇది క్రొత్తరూపు. కథకుడు నడుమ నిలిచి, భుజమున తంబురా, వ్రేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు ధరించి, చిందు వేయుచు కథ చెప్పును. ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయించుచు 'తందాన తాన' యని వంత పాడుదురు. వారిలో నొకరు హాస్యము పలికింప, రెండవవారు నాటి లోకవార్తలను కథలో జొనుపుదురు. బొబ్బిలి యుద్ధమును వినవచ్చిన జనము నేటి యుద్ధమును గూర్చియు తెలిసికొని పోవుటకు వీలు కలిగించినది ఈ కట్టడియే.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడినది. నాజీ సైనికులచే 1941లో ఉరితీయబడిన పదునెనిమిదేండ్ల రష్యా బాలిక జోయా, శత్రువులకు తన నిజనామము చెప్పక టాన్యా యని చెప్పినది. ఆమె కథ తెలుగున బుర్రకథయై పల్లెలలో వినవచ్చినది. మాస్కో యెక్కడనో తెలియని ముసలమ్మలు సైతము తమ యింటి పిల్లకు వచ్చిన కష్టమును వినినట్లు దానిని విని కంట తడిపెట్టిరి.

ఆ యేడే వంగదేశమున ఘోరమగు కరవు వచ్చినది. సుమారు ముప్పది లక్షల ప్రాణములు దానికి బలియైనవని చరిత్రకారుల యంచనా. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద కుటుంబమున జన్మించిన షేక్ నాజర్ ఈ కరవును బుర్రకథగా అల్లి పాడెను. బాల్యమున నాటకములలో ఆడువేషములు కట్టి, కుట్టుపనిచే పొట్టపోసికొనిన నాజరు, తన కంఠమునే అన్నార్తులకు గిన్నెగా పట్టెను. 1986లో పద్మశ్రీ బిరుదమునంది, 1997లో కీర్తిశేషుడయ్యెను.

పురుషులకే ఇది సాహసమైనచో, స్త్రీల మాట వేరుగా చెప్పవలయునా? సంసారస్త్రీ గజ్జె కట్టి పదిమంది యెదుట చిందు వేయుట కులమునకే తలవంపని లోకము తలచిన కాలమది. అప్పుడు మోటూరి ఉదయము మహిళల బుర్రకథాదళమును నడపెను. కృష్ణా జిల్లా పామఱ్ఱులో 1918లో జన్మించిన కొండపల్లి కోటేశ్వరమ్మ ప్రజానాట్యమండలి వేదికలపై పాడెను, నటించెను. పసితనముననే పెండ్లియై, పసితనముననే విధవయై, పునర్వివాహము చేసికొనుటచే అప్పటికే లోకనింద నెఱిగిన స్త్రీ యామె. వేదిక యెక్కుటచే ఆ నింద రెట్టింపైనను కంఠము మాత్రము తగ్గింపలేదు. బాంబు ఒకనాడు పడి పోవును. ఇరుగుపొరుగువారి మాట దినదినము పడుచునే యుండును. రెండవదానికి వెఱవకుండుటయే కష్టతరము.

ఈ కళాకారులు పాడిన రాజకీయమును అందఱును మెచ్చలేదు. 1942 ఆగస్టులో 'క్విట్ ఇండియా' యుద్యమము చెలరేగి దేశనాయకులు చెఱసాలలలో నుండగా, కమ్యూనిస్టులు యుద్ధమును ప్రజాయుద్ధమనిరి. దానిని ద్రోహమన్న దేశభక్తులనేకులు. వారి వేదన నిజమైనదే. ఆకలిగొన్నవారికై జోలెపట్టిన వీరి శ్రమయు నిజమైనదే. చరిత్ర చదువువారు రెండింటిని ప్రక్కప్రక్కనే ఉంచి చూడవలయును.

యుద్ధము ముగిసినను వారి కష్టములు ముగియలేదు. బుర్రకథలపై నిషేధములు వచ్చినవి. కోటేశ్వరమ్మ యేండ్ల తరబడి అజ్ఞాతవాసమున గడపెను. పిదప నడివయస్సున మరల చదువు సాగించి, కాకినాడలో విద్యార్థినుల వసతిగృహమున ఉద్యోగము చేసి, తన బ్రతుకును తానే నిలబెట్టుకొనెను. తొంబదియేండ్లు దాటిన పిమ్మట 'నిర్జన వారధి' యను స్వీయచరిత్రను 2012లో లోకమునకిచ్చెను. తుదిదినములు విశాఖపట్టణముననే గడపి, నూఱేండ్లు నిండిన పిదప, 2018 సెప్టెంబరు 19న ఇచ్చటనే కన్నుమూసెను.

బాలురకై చారిత్రక కథలు వ్రాయువారు వీరులను వెదకుచు కోటలకును కత్తులకును పోవుదురు. కత్తి పట్టనివారి కథయు వారికి అందవలసియున్నది. తంబురా పట్టిన దర్జీ, గజ్జె కట్టిన వితంతువు, వారిని వినుటకు చాప పఱచుకొని కూర్చున్న పల్లె — ఇందు కల్పింపవలసినది స్వల్పము, తెలిసికొనవలసినది అధికము. ఆ దినములను కన్నులార చూచిన వృద్ధులు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారి మాటలను వినిపెట్టి, వ్రాసిపెట్టి, పిల్లల చేతికి పుస్తకముగా అందించుట గ్రామ గ్రంథాలయము చేయదగిన పని. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన సంస్థ, ఇంకను పుస్తకము కాని జ్ఞాపకమును సైతము కాపాడుగాక!