మృదూక్తుల అర్థపరిణామం: మూడు ఆంగ్ల జాతీయాలు

అప్రియాన్ని మృదువుగా పలికే ఆంగ్ల జాతీయాలను ఆ జాతి మర్యాదకు నిదర్శనాలుగా చూపి ఊరుకోవడం పరిపాటి. అవి పుట్టిన సందర్భాలను పరిశీలిస్తే మర్యాదకంటే అధికారసంబంధాలే ముందుగా కనిపిస్తాయి.

‘క్యూరేట్ గుడ్డు’ అనే మాటకు వ్యాప్తి తెచ్చింది 1895 నవంబరు 9న ‘పంచ్’ పత్రికలో జార్జ్ డ్యూ మోరియే గీసిన వ్యంగ్యచిత్రం. (అదే ఏడాది మే నెలలో ‘జూడీ’ పత్రికలో ఇటువంటి చిత్రమే వచ్చింది కనుక కల్పన పూర్తిగా ఆయనదని చెప్పలేం.) బిషప్పు ఇంట ఉదయపు విందులో ఒక చిన్న మతాధికారికి చెడిన గుడ్డు వస్తుంది. బిషప్పు ఆ సంగతి ప్రస్తావించగానే, కొన్ని భాగాలు చాలా బాగున్నాయని అతడు వినయంగా బదులిస్తాడు. గుడ్డు కొంత చెడి కొంత బాగుండదు. హాస్యం అక్కడే ఉంది. అలంకారశాస్త్ర పరిచయం ఉన్నవారు దీన్ని వ్యాజస్తుతి అనబోతారు. అది సరికాదు. స్తుతిరూపమైన వ్యాజస్తుతిలో నింద శ్రోతకు స్ఫురించాలి. ఈ యువకుడు స్ఫురించకూడదనే కోరుకుంటున్నాడు. ఇక్కడ మర్యాద భయానికి మరో పేరు. నేడు ఈ మాట గ్రంథసమీక్షలలో ‘మంచిచెడులు కలిసినది’ అనే అర్థంలో వాడుకలో ఉంది. గుడ్డు సగం బాగుపడింది గాని, క్యూరేట్ నిస్సహాయత మరుగునపడింది.

‘పారిభాషిక అయథార్థత’ కథ వేరు. ట్రాన్స్‌వాల్ గనులలోని చైనా కూలీల ఒప్పందాన్ని ‘బానిసత్వం’ అనవచ్చునా అన్న చర్చలో, వలసల ఉపమంత్రిగా చర్చిల్ 1906 ఫిబ్రవరి 22న కామన్స్ సభలో ఈ పదబంధం వాడాడు. పూర్తి అర్థంలో బానిసత్వమంటే మాట గురి తప్పుతుందని మాత్రమే ఆయన ఉద్దేశం. ఎన్నికలలో ఆయన పక్షం ఆ మాటనే ప్రచారాస్త్రంగా వాడుకున్నదని గుర్తుంచుకోవాలి. సాటి సభ్యుణ్ణి అబద్ధాలకోరు అనడం సభానియమాలకు విరుద్ధం. ఆ ఖాళీలోకి ఈ పదబంధం చేరి ‘అబద్ధం’ అనే అర్థాన్ని సంతరించుకుంది.

‘సత్యం విషయంలో పొదుపు’ మరింత దూరం ప్రయాణించింది. 1796లో ఎడ్మండ్ బర్క్ సత్యం పలకడంలోనూ మితం ఉంటుందనే అర్థంలో, ఒక సద్గుణంగా దీన్ని ప్రస్తావించాడు. 1986 నవంబరులో, ‘స్పైక్యాచర్’ గ్రంథప్రచురణను ఆపడానికి బ్రిటిష్ ప్రభుత్వం సిడ్నీలో నడిపిన వ్యాజ్యంలో, కేబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ తన లేఖ గురించి ఈ మాట ఆశ్రయించాడు. తప్పుదోవ పట్టించడం వేరు, అబద్ధం వేరు అని నిరూపించాలన్నది ఆయన ప్రయత్నం. ప్రభుత్వం వ్యాజ్యం ఓడిపోయింది. ఆయన తనకు కవచంగా ఎత్తుకున్న మాటను ఆంగ్ల పత్రికలు నాటినుంచి ఇతరులమీద అభియోగంగా వాడుతున్నాయి.