సుహైలీ: బొంబాయిలో పుట్టిన తెరచాప పడవ

ఒక్క నావికుడితో, ఎక్కడా ఆగకుండా భూగోళాన్ని చుట్టివచ్చిన మొట్టమొదటి పడవ సుహైలీ. గౌరవంగా దాచుకుందామని దాన్ని మ్యూజియంలో పెట్టారు. చివరికి ఆ గౌరవమే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

పడవ పుట్టింది మన బొంబాయిలో. 1960ల మొదట్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో అధికారిగా ఉన్న రాబిన్ నాక్స్-జాన్‌స్టన్, తోటివారితో కలిసి సొంత పడవ కట్టించుకుని దాని మీదే ఇంగ్లండు చేరాలనుకున్నారు. ఎంచుకున్న నమూనా పాతది. నార్వే తీరంలో తుఫానుల్లో చిక్కినవాళ్లను కాపాడే పడవల పద్ధతిలో పడవల రూపకర్త విలియమ్ ఆట్‌కిన్ 1920లలో గీసింది. పొడవు 32 అడుగులు. ముందు ఎంత కోసుగా ఉంటుందో వెనకా అంతే కోసు, కాబట్టి వెనక నుంచి తరుముకొచ్చే అల రెండుగా చీలిపోతుంది.

కొలాబాలో వడ్రంగులు బాడిసలతో టేకు చెక్కారు, తాడుతో తిప్పే బరమాలతో బెజ్జాలు వేశారు. 1964 చివర్లో కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దింపారు. రాబిన్ ఒంటరిగా నడపగా, 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మౌత్‌లో బయలుదేరిన సుహైలీ 1969 ఏప్రిల్ 22న అక్కడికే తిరిగొచ్చింది. ఒంటరిగా, ఆగకుండా భూమిని చుట్టిరావాల్సిన ఆ గోల్డెన్ గ్లోబ్ పోటీలో తొమ్మిది మంది దిగితే, పూర్తిచేసింది ఈ ఒక్క పడవే. లోకం నావికుడి పేరు చెప్పుకుంది. నా మటుకు అందులో సగం ఘనత ఆ బాడిసలు పట్టిన చేతులదే.

ఆ ప్రయాణం మొదట్లోనే పడవ అడుగున నీరు కారింది. రాబిన్ సముద్రంలో మునిగి, పలకల మధ్య సందులో దూది కూరి, పైన రాగి రేకు కొట్టారు. కొయ్యపడవ గుట్టంతా ఆ సందుల్లోనే ఉంది. పలకల్ని అంచుకు అంచు చేర్చి, మధ్యలో దూది కూరుతారు. నీట్లో పడ్డాక చెక్క ఉబ్బి, సందులు వాటంతటవే బిగుసుకుంటాయి.

1990ల చివర్లో సుహైలీ గ్రీనిచ్ నేషనల్ మారిటైమ్ మ్యూజియం చేరింది. అక్కడి పొడి గాలికి టేకు కుంచించుకుపోయి పలకలు విడివడసాగాయి. అది చూసి ఊరుకోలేక రాబిన్ 2002లో తన పడవను బయటికి తెచ్చేసుకున్నారు.

ఆ తర్వాతి మరమ్మతు ఏళ్ల తరబడి సాగింది. టేకు గట్టిగానే ఉంది. పాడైంది పలకల్ని చట్రానికి పట్టి ఉంచిన ఇనుప బిగింపులు. ఉప్పునీటిలో ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, బెజ్జం వదులవుతుంది, చుట్టూ ఉన్న చెక్క మెత్తబడుతుంది. పాత బిగింపులన్నీ ఒకేసారి ఊడబెరికితే పడవ ఆకారమే చెదిరిపోతుంది. ఒకటి తీసి, బెజ్జం శుభ్రంచేసి, కొత్తది బిగించాకే పక్కదాని మీద చెయ్యి వేయాలి. ఈ పనిలోకి రాబిన్ స్వయంగా దిగారు. రంగు వేసిన తర్వాత ఇదేదీ పైకి కనిపించదు. అయినా పాత పడవను నిజంగా బతికించేది ఈ పనే, మెరుగుపెట్టిన ఇత్తడి సామాను కాదు.

2018లో గోల్డెన్ గ్లోబ్ పోటీని మళ్లీ జరిపినప్పుడు, సుహైలీ నమూనాలోనే గోవాలో కట్టిన తురీయ అనే పడవ మీద భారత నావికుడు అభిలాష్ టోమీ బరిలో దిగారు. అదే ఏడాది జూన్ 14న, మొదటి ప్రయాణానికి యాభై ఏళ్లు నిండిన రోజున, 79 ఏళ్ల రాబిన్ ఫాల్మౌత్ దగ్గర సుహైలీని సముద్రం మీద నడిపారు.