కరిగించగా మిగిలిన డాలర్లు

హాల్లోకి అడుగు పెట్టగానే చెవినపడేది నాణేల గలగల కాదు, ప్లాస్టిక్ పెట్టెల టకటక. ఇక్కడ నాణేన్ని నాణేనికి తగలనివ్వరు. అమెరికాలో ఇలాంటి కాయిన్ షోలు వారాంతాల్లో జరుగుతూనే ఉంటాయి: వరసగా టేబుళ్లు, ఒక్కో టేబుల్ మీద అద్దాల పెట్టె, వంగిన మెడతో ఒక దీపం. ఆ దీపం ముందు ఒక కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోండి.

డీలర్ మీ ముందు నల్ల మఖమల్ పళ్లెం పెట్టి, అందులో ఒక మోర్గన్ డాలర్ ఉంచుతాడు. అంచులు పట్టుకుని ఎత్తండి, ముఖం మీద వేలు పడకూడదు. 26.73 గ్రాములు. పదిలో తొమ్మిది పాళ్లు వెండి, ఒక పాలు రాగి. చూపుకన్నా చేతికే బరువు ముందు తెలుస్తుంది. కిరీటం పెట్టుకున్న స్వేచ్ఛాదేవికి మోడల్‌గా కూర్చున్నది ఫిలడెల్ఫియా యువతి అన్నా విలియమ్స్. చెక్కినవాడు ఇంగ్లండ్ నుంచి వచ్చిన జార్జ్ మోర్గన్. మెడ తెగినచోట తన ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని దాచిపెట్టాడు, వెతికితేగానీ కనబడదు.

ఇప్పుడు దీపం కింద నాణేన్ని మెల్లగా అటూ ఇటూ వంచండి. మధ్య నుంచి అంచులకు వెలుగు చారలు లేచి, మీరు వంచినకొద్దీ చుట్టూ తిరుగుతాయి. దీన్ని ఇక్కడివాళ్లు బండిచక్రం అంటారు. అచ్చు గుద్దినప్పుడు వెండి అంచులకేసి పరుగెత్తిన దారులివి. ఒక్కసారి మందుపెట్టి తోమితే ఈ చక్రం ఆగిపోతుంది, మళ్లీ తిరగదు. తోమిన నాణేన్ని డీలర్ దూరం నుంచే పసిగడతాడు. తళతళలాడే వెండిని చూసి ముచ్చటపడే మనకు ఇది కొత్తగా ఉంటుంది గానీ, ఈ హాల్లో మెరుగు పెట్టడమంటే పాడుచేయడమే.

చెంప మీద చిన్న గాట్లు కనిపిస్తున్నాయా? అవి వాడకంతో వచ్చినవి కావు. నాణేలు తయారయ్యే మింట్ నుంచి వెయ్యేసి డాలర్లు ఒక గోనె సంచిలో వెళ్లేవి. సంచి బరువు ఇరవయ్యారు కిలోలు దాటుతుంది. దాన్ని బండిలోంచి నేలమీద పడేస్తే ఒకదాని అంచు ఇంకొకదాని చెంపలో దిగేది. నాణేనికి వందేళ్ల తర్వాత పలికే ధరను ఈ గాట్లే సగం తేల్చేస్తాయి.

అసలు ఇన్ని సంచులు ఎందుకు పేరుకున్నాయి? 1878లో వచ్చిన చట్టం నెలకు ఇరవై లక్షల డాలర్లకు తక్కువ కాకుండా వెండి కొనమని ఖజానాకు చెప్పింది. నెవాడా గనుల యజమానులకు పండగ. జనం మాత్రం ఈ బరువు బిళ్లలు జేబులో వేసుకు తిరగడానికి ఇష్టపడలేదు. కొన్నారు, ముద్రించారు, నేలమాళిగల్లో పడేశారు.

ఇక్కడ కథ మన గడప తొక్కుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం చివరికొచ్చేసరికి ఇండియాలో జనం కాగితం నోట్లు తెచ్చి వెండి రూపాయలు ఇమ్మని అడుగుతున్నారు. 1917లో రూపాయి నోటు అచ్చేయాల్సి వచ్చిందీ వెండి చాలకే. సర్కారు దగ్గర ఇవ్వడానికి చాలినంత వెండి లేదు. అమెరికా 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా డాలర్లను కరిగించింది. అందులో చాలా భాగం కడ్డీలుగా ఓడలెక్కి ఇటొచ్చి, రూపాయలైంది. లెక్క వేస్తే ఒక్కో డాలర్ వెండికి రెండు రూపాయల పావలా వస్తుంది. మీ అమ్మమ్మ పెట్టెలో ఐదో జార్జి బొమ్మతో 1918 నాటి రూపాయి ఉంటే, దాని పూర్వజన్మ ఫిలడెల్ఫియా మింట్‌లోనో న్యూ ఆర్లియన్స్ మింట్‌లోనో కావచ్చు.

కరిగించినవాళ్లు సంవత్సరాల వారీగా లెక్క రాయలేదు. అందుకే ఏ ఏడాది ఎన్ని ముద్రించారో పుస్తకంలో ఉంటుంది గానీ ఎన్ని మిగిలాయో ఉండదు. 1903 నాటి న్యూ ఆర్లియన్స్ డాలర్‌ను చూడండి. ముద్రించినవి 44 లక్షలు దాటినా దొరికేవి కావు, అన్నీ మూసలోకి పోయాయనుకున్నారు. కేటలాగు ధర 1,500 డాలర్లు. 1962 చివర్లో ఖజానా పాత సంచులు విప్పింది. లోపల మెరుస్తూ అవే! ధర పదుల్లోకి పడిపోయింది. అంతకుముందు వారం కొన్నవాడి మొహం ఎలా ఉండి ఉంటుందో నాకు చూడాలని ఉంటుంది.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నారు. చొక్కా జేబులోంచి అట్టముక్కలో పెట్టిన నాణెం తీశారు. 1893, వెనక రిబ్బను ముడి కింద చిన్న ఎస్ అక్షరం. శాన్‌ఫ్రాన్సిస్కో మింట్ గుర్తు. మీ వెన్ను నిటారుగా అవుతుంది: ఆ ఏడు అక్కడ ముద్రించింది కేవలం లక్ష. బాగా అరిగినదైనా వేల డాలర్లు పలుకుతుంది.

"ఎక్కడిదండీ?"

"మా నాన్నది. డ్రాయర్‌లో ఉండేది."

డీలర్ ముందు తూచాడు. బరువు సరిపోయింది. భూతద్దం కంటికి ఆనించి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాణెమూ భూతద్దమూ మీ చేతికిచ్చి, "కిరీటం మీద లిబర్టీ అన్న మాటలో టి చూడండి" అన్నాడు. ఆ ఏడు శాన్‌ఫ్రాన్సిస్కోలో బొమ్మవైపు వాడింది ఒకే ఒక్క అచ్చు. ఆ అచ్చులోనే టి తలమీద ఏటవాలుగా ఒక సన్నగీత ఉంది, కాబట్టి అసలైన ప్రతిదాని మీదా అది ఉండి తీరాలి. మీరు దీపం జరిపారు, నాణెం తిప్పారు. టి నున్నగా ఉంది.

తిరగేస్తే ఎస్ చుట్టూ వెండి రంగు ఒక వెంట్రుకవాసి తేడాగా ఉంది. ఎవరో, ఎప్పుడో, ఫిలడెల్ఫియా నాణేనికి ఆ అక్షరం అతికించారు. అతికించకపోయుంటే 1893 ఫిలడెల్ఫియాదే ఒక రెండు మూడు వందలైనా తెచ్చేది. మోసగాడు చెడగొట్టింది మంచి నాణేన్నే.

"వెండి ధర ఇస్తాను" అన్నాడు డీలర్. పెద్దాయన ఒక్క క్షణం చూసి, "వద్దులెండి, నాన్నది కదా" అంటూ అట్టముక్కలో పెట్టేసుకున్నారు.

మీరు కొనాల్సింది 1881 శాన్‌ఫ్రాన్సిస్కోది. కోటీ ఇరవై ఏడు లక్షలు ముద్రించారు, బోలెడు మిగిలాయి. చెవి మీది జుట్టు పాయలు పాయలుగా తేలి, గద్ద రొమ్మున ఈకలు లెక్కపెట్టేలా ఉంటాయి. న్యూ ఆర్లియన్స్‌వి ఆ చోట్లే చప్పగా వస్తాయి. అరుదైనది కాదని చులకన చేసేవాళ్లుంటారు. నా ఓటు దీనికే. కన్ను ముందు దీని మీద తయారవ్వాలి.

డీలర్ అట్ట వెనక పెన్సిల్‌తో రాసిన ధర చూపిస్తాడు. బేరమాడండి, తప్పేం లేదు, అందరూ ఆడతారు. ఓ పది తగ్గించాక లెక్కపెట్టి ఇచ్చేయండి. మూడో వరసలో ఒకాయన దగ్గర కార్సన్ సిటీ మింట్‌వి ఉన్నాయట, హాలు ఐదింటికి మూసేస్తారు.