దసరా పాలపిట్ట: పొలిమేరలో చూసే పిట్ట బోనులోకి ఎలా వచ్చింది?

విజయదశమి నాడు కొత్త బట్టలు కట్టుకుని, ఊరి పొలిమేర దాటి, పాలపిట్టను చూసి, జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకోవడం మన పాత ఆచారం. తెలంగాణ మూలాలున్న ఇళ్లలో ఇది మరీ గట్టిగా ఉంది. షోలాపూర్‌లో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఆ రోజు పిట్టను చూశారా అని అడిగే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. అజ్ఞాతవాసం ముగించి జమ్మి చెట్టు మీది ఆయుధాలు దించుకుని వస్తున్న పాండవులకు ఈ పిట్ట ఎదురైందని ఒక కథ. రావణుడి మీదికి బయలుదేరిన రాముడికి కనిపించిందని ఇంకో కథ. ఏ కథ చెప్పుకున్నా పిట్ట కనిపించేది ఆరుబయటే, తనంత తానుగానే.

మన చుట్టుపక్కల భాషల్లో దీనికి వేరే పేర్లున్నాయి. కన్నడంలో, మరాఠీలో, ఒడియాలో నీలకంఠ అంటారు. నిజానికి దీని గొంతు నీలం కాదు, గోధుమ రంగు మీద చారలుంటాయి. అయినా శివుడి పేరు దానికి అతుక్కుపోయింది. తమిళంలో పనంగాడై. తాటి మొద్దుల తొర్రల్లో గూడు పెట్టే పిట్టకు తాటి పేరుతో పిలుపు రావడం సబబుగానే ఉంది. తెలుగు పేరు వెనక మాత్రం కాస్త ఇబ్బందికరమైన నమ్మకం ఉంది. దీని ఈకలు కత్తిరించి గడ్డిలో కలిపి ఆవుకు పెడితే పాలు పెరుగుతాయని ఒకప్పుడు నమ్మేవారు.

కర్ణాటక, ఒడిశా, తెలంగాణ మూడింటికీ పాలపిట్టే రాష్ట్ర పక్షి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ ఇదే ఉండేది. విభజన తర్వాత 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది.

కూర్చున్నప్పుడు పాలపిట్ట అంత అందంగా అనిపించదు. వెన్ను, ఛాతీ మట్టి రంగులో ఉంటాయి. కరెంటు తీగ మీద ముడుచుకుని ఉంటే చాలామంది చూసి కూడా గుర్తుపట్టరు. రెక్క విప్పితేనే ముదురు నీలం, లేత నీలం పట్టీలు మెరుస్తాయి. లకుముకి పిట్టను చూసి పాలపిట్ట అనుకునేవారున్నారు. ముక్కు చూస్తే తేలిపోతుంది. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే లకుముకికి పొడవాటి ఎర్ర ముక్కు, పాలపిట్టకు నల్లటి పొట్టి ముక్కు. తీగ మీదో ఎండుకొమ్మ మీదో కాపు కాసి, నేల మీద మిడతో, పేడపురుగో, చిన్న తొండో కదిలితే దిగి పట్టుకుంటుంది. రైతుకు ఇది చేసే మేలు అదే.

ఈ పిట్ట అంతరించిపోయే దశలో లేదు గానీ తగ్గుతోంది. సుమారు 30 వేల మంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన దాదాపు 3 కోట్ల పరిశీలనల ఆధారంగా 2023లో భారత పక్షుల స్థితిగతుల నివేదిక వచ్చింది. 30 శాతం, అంతకు మించి తగ్గాయని, వీటి పరిస్థితిని ప్రపంచ స్థాయిలో మళ్లీ అంచనా వేయాలని ఆ నివేదిక చెప్పిన 14 జాతుల్లో పాలపిట్ట ఒకటి. పురుగుమందులు కొట్టిన చేలో దానికి తిండి దొరకదు. తొర్రలున్న పాత చెట్లు కొట్టేస్తే గూడుకు చోటుండదు, ఎందుకంటే తొర్ర తొలుచుకోవడం దానికి చేతకాదు. రోడ్డు మీద పురుగుల కోసం వాలి బండ్ల కింద పడేవీ ఉన్నాయి.

వీటికి తోడు మన పండుగ. నగరాల్లో పొలిమేర ఎక్కడుందో తెలియకుండా పోయింది. పిట్ట కోసం మనం వెళ్లలేకపోతే పిట్టనే గుమ్మంలోకి తెచ్చేవాళ్లు తయారయ్యారు. దసరాకు కొన్ని రోజుల ముందే పట్టి, కాళ్లు కట్టి, రెక్కలు కత్తిరించి, కొన్నిసార్లు జిగురు పూసి, బోనులో పెట్టి గుడి దగ్గరో అపార్ట్‌మెంటు గేటు దగ్గరో చూపించి డబ్బులు తీసుకుంటారు. బతికున్న పురుగులు తినే పక్షి బోనులో వేసే గింజలతో బతకదు. హైదరాబాద్‌లో దసరా ముందు ఇలాంటి పక్షులను అటవీ అధికారులు, జంతు సంరక్షకులు విడిపించిన సందర్భాలు ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాలపిట్టను పట్టడం, అమ్మడం, బోనులో ఉంచడం నేరం.

మేము ఆచారాన్ని తప్పుపట్టడం లేదు. ఆచారంలో ఉన్నదే సీమోల్లంఘనం, అంటే హద్దు దాటి బయటికి వెళ్లడం. చెట్టు దగ్గరికి మనం వెళ్లాలి, పిట్ట ఉన్న చోటికి మనం వెళ్లాలి. బోనులోని పిట్టకు పది రూపాయలిచ్చి దండం పెడితే అందులో హద్దు దాటిందెక్కడ? పాండవులకు పిట్టను పట్టి చూపించారని ఏ నాయనమ్మా చెప్పలేదు. మన ఇంట్లో చూపించినందుకు ఇచ్చే డబ్బే వచ్చే ఏడాది ఇంకో పది పిట్టలను పట్టిస్తుంది.

పిట్టను చూడాలంటే పెద్ద ప్రయాణం అక్కర్లేదు. దసరా నాటికి వానలు వెనకబట్టి పొలాల మీద మిడతలు బాగా ఉంటాయి. ఉదయం పూట ఊరి చివర చేల గట్ల వెంట, చెరువు కట్ట మీద, రోడ్డు పక్క తీగల మీద వెతకండి. పిల్లలను వెంట తీసుకెళ్లండి. మహారాష్ట్రలో ఆపటా ఆకును, కర్ణాటకలో బన్ని ఆకును బంగారమని పంచుకుంటారు, ఆ చెట్ల కోసం వెళ్లే దారిలోనే పిట్టా కనిపించవచ్చు. కనిపించకపోతే జమ్మి చెట్టును మొక్కి వచ్చేయండి, పండుగకు లోటేమీ లేదు.

బోనుతో ఎవరైనా గుమ్మం దగ్గరికి వస్తే డబ్బు ఇవ్వకండి, పిల్లలకు చూపించకండి. జాలిపడి కొని వదిలేయడం కూడా మంచిది కాదు. రెక్కలు కత్తిరించిన పిట్ట ఎగరలేక కుక్కకో పిల్లికో చిక్కుతుంది, పట్టినవాడికి బేరం మాత్రం కుదురుతుంది. వాళ్లున్న చోటు, సమయం గుర్తుపెట్టుకుని దగ్గర్లోని అటవీ శాఖ కార్యాలయానికి చెప్పండి. అపార్ట్‌మెంటు సంఘాలు దసరా ముందే కాపలాదారుకు ఈ సంగతి చెప్పి ఉంచితే సగం పని అయినట్టే.

సొంతూళ్లో భూమి ఉన్నవాళ్లు చేయగలిగింది ఇంకొకటి ఉంది. పాలపిట్ట మార్చి నుంచి జూన్ దాకా గూడు పెడుతుంది, 3 నుంచి 5 గుడ్లు పెడుతుంది. గట్టు మీద తల విరిగిన తాటి మొద్దు గానీ, ఎండిపోయిన తొర్ర చెట్టు గానీ ఉంటే, అది ఎవరి మీదా పడే ప్రమాదం లేకపోతే, కౌలుదారుకు చెప్పి దాన్ని కొట్టించకుండా ఉంచండి.